రూలు తెలుసు, నోట్లోకి రాదు: సిన్స్, ఫర్ మీద ఒక కేస్ స్టడీ

విదేశాలకు వెళ్లే నర్సులకు, డాక్టర్లకు ఇంగ్లిష్ నేర్పడం నా పని. సిన్స్, ఫర్ తేడా ఏమిటని అడిగితే గడగడా చెప్పి, మాట్లాడేటప్పుడు మాత్రం ఒకదాని బదులు ఇంకొకటి వాడేవాళ్లు నా క్లాసుకు చాలామంది వస్తారు. వాళ్లలో ఒకరి కేసు ఇది. తెలిసిన రూలు వాడుకలోకి ఎందుకు రాదో, రావాలంటే తెలుగు ఎలా అక్కరకొస్తుందో ఇందులో బాగా కనిపించింది కాబట్టి రాసిపెడుతున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమె ముప్పై దాటిన స్టాఫ్ నర్సు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్, ఆపైన ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఏళ్ల తరబడి డ్యూటీ. పనిలో చురుకు, మాటలో నెమ్మది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ కోసం ఓఈటీ రాస్తున్నారు. వైద్యరంగంలోని 12 వృత్తుల వాళ్ల కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష అది. నర్సులకు వినడం, చదవడం, మాట్లాడడంలో 350, రాతలో 300 వస్తే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. ఆమెకు వినడం, చదవడం దాటిపోయాయి. రాతలో కొద్దిలో పోతోంది. మాట్లాడడం ఒకసారి వస్తే ఒకసారి రావడం లేదు.

రాత పరీక్ష ఎలా ఉంటుందో చెప్తే ఈ రెండు మాటలు ఎందుకింత ఇబ్బంది పెడతాయో అర్థమవుతుంది. ఒక రోగి కేస్ నోట్స్ ఇస్తారు. 5 నిమిషాలు చదువుకుని, 40 నిమిషాల్లో ఇంకో డాక్టరుకో నర్సుకో ఉత్తరం రాయాలి. అసలు విషయం 180 నుంచి 200 మాటల్లో తేలాలి. షుగర్ ఎప్పటి నుంచి, ఈ మందు ఎన్నాళ్లుగా, ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు ఉన్నారు, నొప్పి ఎప్పుడు తగ్గింది... ఇలా ఉత్తరంలో సగం కాలం లెక్కలే. నోట్స్‌లో ఇవన్నీ పొట్టిగా ఉంటాయి. వాటిని వాక్యాలుగా మార్చేటప్పుడే బండి ఆగిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన ఆసుపత్రుల్లో కేస్ షీట్ తెరిస్తే పై వరుసలోనే 'ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని కనిపిస్తుంది. రూలు ప్రకారం అక్కడ ఫర్ ఉండాలి. రాసేది పెద్ద పెద్ద డాక్టర్లు. చదివే నర్సుకి గానీ, ఫార్మసిస్టుకి గానీ అందులో అనుమానం రాదు. దీన్ని 'తప్పుడు ఇంగ్లిష్' అని కొట్టిపారేసే మాస్టార్లతో నాకు పడదు. అది మన దగ్గర పుట్టి పెరిగిన వాడుక, దాంతో ఇక్కడ పని నడుస్తోంది. కాకపోతే ఆమె ఉత్తరం దిద్దేవాళ్లు ఇక్కడివాళ్లు కారు. రేపు ఆమె దగ్గర డ్యూటీ తీసుకునే నర్సూ ఇక్కడి మనిషి కాదు.

మొదట కనిపించిన సమస్య

ఆమె తెచ్చిన పాత ఉత్తరాలు చూశాను. 'హి ఈజ్ హ్యావింగ్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్', 'షి ఈజ్ కంప్లెయినింగ్ ఆఫ్ పెయిన్ ఫ్రమ్ టూ డేస్'. ఇవి నేను రోజూ చూసేవే. ఎర్ర పెన్నుతో దిద్దేయొచ్చు. నన్ను ఆపింది ఇంకో వాక్యం. 'హి వాజ్ ఆన్ ఆక్సిజన్ ఫర్ టూ డేస్.' ఇందులో ఫర్ సరిగ్గానే ఉంది. వ్యాకరణం తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నోట్స్ ప్రకారం ఆ రోగికి ఆక్సిజన్ ఇంకా నడుస్తోంది. ఆమె రాసిన వాక్యం చదివిన డాక్టరు మాత్రం రెండు రోజులు పెట్టి తీసేశారనుకుంటాడు.

అంటే సిన్స్ రావలసిన చోట ఫర్, ఫర్ రావలసిన చోట సిన్స్ పడడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. దాని కింద ఇంకొకటుంది.

ముందు నేను తేల్చుకోవలసింది ఒకటే: ఆమెకు తేడా తెలియదా, తెలిసీ రావడం లేదా? రెంటికీ మందు వేరు. ఖాళీలు పూరించే కాగితం ఒకటి ఇచ్చాను. అన్నీ రైటు. ఎందుకని అడిగితే వివరణ కూడా ఇచ్చారు: ఎంతసేపో చెప్తే ఫర్, ఎక్కడ మొదలైందో చెప్తే సిన్స్. ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది.

"రూలు నాకు వచ్చు మేడమ్. మాట్లాడేశాక గుర్తొస్తుంది. అప్పటికి అయిపోతుంది కదా" అన్నారు.

అందుకే రూలు మళ్లీ చెప్పకూడదని అనుకున్నాను. తెలిసినదాన్నే పదోసారి చెప్తే మనిషికి విసుగు, పైగా 'నాకే ఎందుకు రావట్లేదు' అనే టెన్షన్ పెరుగుతుంది.

ఖాళీలు పూరించేటప్పుడు వచ్చేది మాట్లాడేటప్పుడు ఎందుకు రావట్లేదు? కాగితం మీద గీత పక్కనే 'త్రీ డేస్' అని అచ్చేసి ఉంటుంది. కన్ను ముందు దాన్ని చూసి, వెనక్కి వచ్చి ఫర్ అని రాస్తుంది. మాట్లాడేటప్పుడు పక్కన ఏమీ ఉండదు. ఇంకా అనని అంకెను ముందే ఊహించుకుని, దాని ముందు మాట ఎంచుకోవాలి. తెలుగులో ఈ పని అసలు లేదు. 'మూడు రోజుల' అనేశాక తీరిగ్గా 'నుంచి' తగిలిస్తాం. 'సోమవారం' అన్నా అదే 'నుంచి', 'చిన్నప్పటి' అన్నా అదే. ఎంచుకునే అవసరమే రాని చోట ఎంచుకునే అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది?

దానికి తోడు ఆమె కాలాన్ని వాక్యం మొదట్లో పెట్టేవారు. 'సిన్స్ త్రీ డేస్ హి ఈజ్ హ్యావింగ్ ఫీవర్.' తెలుగు వాక్యం నడక అది. దాంతో ఆలోచించుకునే సమయం కూడా చేతిలో ఉండదు, నోరు తెరవగానే తేల్చేయాలి.

చేసి చూసినవి

నా దగ్గరికి రాకముందు ఒక కోచింగ్ సెంటర్లో ఆమెకు అడ్డదారి ఒకటి నేర్పారు: అంకె కనిపిస్తే ఫర్, లేకపోతే సిన్స్. బ్యాంకు పరీక్షలకు ఇది కొంత పనికొస్తుందేమో. నర్సుకి మాత్రం ప్రమాదం. ఆసుపత్రిలో తేదీ అంకే, టైమూ అంకే. '2014 నుంచి బీపీ' అన్నది ఆమె ఉత్తరంలో 'ఫర్ 2014' అయింది. 'పొద్దున 10 నుంచి యూరిన్ లేదు' అన్నది 'ఫర్ టెన్ ఏఎం' అయింది. దీన్ని ఆమె మరిచిపోవడానికే కొంత సమయం పట్టింది. అప్పుడప్పుడూ తర్వాత కూడా తలెత్తేది.

తప్పు దొర్లగానే ఆపి దిద్దడం నేను చేసిన మొదటి ప్రయత్నం. దీనికి కారణం ఉంది. పరీక్షలో మాట్లాడే భాగం రెండు రోల్ ప్లేలు, ఒక్కొక్కటి దాదాపు 5 నిమిషాలు. అంత చిన్న సంభాషణలో అలవాటు విరగాలంటే అక్కడికక్కడే పట్టుకోవాలనిపించింది. జరిగింది వేరు. సిన్స్ అన్నప్పుడల్లా నేను చెయ్యెత్తుతుంటే ఆమె సిన్స్ అనడమే మానేశారు. అంతటా ఫర్ వచ్చి కూర్చుంది. 'హి హాజ్ బీన్ ఆన్ యాంటీబయాటిక్స్ ఫర్ అడ్మిషన్.' అడ్మిట్ అయినప్పటి నుంచి అని ఆమె ఉద్దేశం. వినేవాళ్లకి అడ్మిషన్ కోసం యాంటీబయాటిక్స్ ఇచ్చినట్టుంది. దిద్దడం ఆపేశాను.

తర్వాత పక్కదారి పట్టి చూశాం. ఈ రెండు మాటలూ లేకుండా రాయలేమా? 'డయాగ్నోజ్డ్ విత్ డయాబెటిస్ ఇన్ 2012', 'ఆపరేటెడ్ ఆన్ త్రీ డేస్ అగో'. రాతలో ఇది చాలావరకు నడుస్తుంది, కొన్నిచోట్ల బాగుంటుంది కూడా. షుగర్ లాంటి జబ్బుకి ఏ సంవత్సరంలో తేలిందో చెప్తే చాలు, అది ఎలాగూ పోదు. దగ్గు అలా కాదు. 'మూడు రోజుల క్రితం దగ్గు మొదలైంది' అంటే ఇప్పుడు ఉందా లేదా? నొప్పి, జ్వరం, వాంతులు, ఆక్సిజన్, ఇవన్నీ 'ఇంకా ఉందా' అన్న ప్రశ్నకి జవాబు చెప్పి తీరాల్సినవే. ఎదురుగా ఉన్న రోగి 'హౌ లాంగ్' అని అడిగితే తప్పించుకునే దారి అసలే లేదు. అగోని ఆమె చేతిలో ఉంచాను గానీ, దాని మీదే ఆధారపడనివ్వలేదు.

మలుపు

డ్యూటీ అప్పగింత ప్రాక్టీసు చేస్తున్నాం. రోగి పరిస్థితి, నేపథ్యం, మన అంచనా, ఏం చేయాలో మన సూచన, ఈ వరుసలో చెప్పే ఎస్‌బార్ పద్ధతి బ్రిటన్ ఆసుపత్రుల్లో బాగా వాడతారు. ఆమె ఎమర్జెన్సీలో నర్సు. నేను రోగి కొడుకుని. కార్డు మీద సమయం సాయంత్రం 6:30. కావాలనే తెలుగులో చెప్పాను:

"నాలుగు గంటల నుంచి నాన్నకి కుడి చెయ్యి లేవట్లేదమ్మా. మాట ముద్దగా వస్తోంది."

ఆమె వెంటనే డాక్టరుకు ఇంగ్లిష్‌లో అప్పగించారు: 'రైట్ సైడ్ వీక్‌నెస్ సిన్స్ ఫోర్ అవర్స్.'

వ్యాకరణం మాట ఎత్తలేదు నేను. మొదలై ఎంతసేపయిందని అడిగాను. నాలుగు గంటలు అన్నారు. సాయంత్రం నాలుగింటికి మొదలైందేమో కదా అన్నాను. ఆమె ఆగిపోయారు.

స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటల గడువు. రోగి చివరిసారి బాగున్నాడని తెలిసిన సమయం నుంచి లెక్క. నాలుగింటికి మొదలైతే 6:30కి రెండున్నర గంటలు గడిచినట్టు, ఇంకా 2 గంటలు చేతిలో ఉన్నట్టు. నాలుగు గంటలు అయిందంటే 2:30కే మొదలైనట్టు, మిగిలింది అరగంట. సీటీ స్కాన్‌కి ఎంత తొందరపడాలో తేల్చేది అదే. ఇదంతా ఐసీయూ నర్సుకి నేను చెప్పనక్కర్లేదు. ఆమే వేళ్ల మీద లెక్కేసుకున్నారు.

"నేనైతే అటెండెంట్‌ని మళ్లీ అడుగుతాను మేడమ్."

"ఏమని అడుగుతారు?"

"నాలుగు గంటలుగానా, నాలుగింటి నుంచా అని."

నేను వెతుకుతున్నది ఆ ప్రశ్నలో దొరికింది. తెలుగులో నుంచి రెండు పనులూ చేస్తుంది నిజమే. కానీ తేడా చూపించాల్సి వస్తే తెలుగువాళ్ల దగ్గర 'గా' ఉంది. మూడు రోజులుగా వానలు, నెల రోజులుగా ఎదురుచూపు, చాలా కాలంగా పెండింగ్... పేపర్లో రోజూ చదివేదే. ఈ గా ఎంతసేపు అన్నదానికే అతుక్కుంటుంది. ఎప్పుడు మొదలైంది అన్నదానికి అతకదు. 'సోమవారంగా వాన' అని ఏ తెలుగువాడూ అనడు.

పనిచేసిన పద్ధతి

రూలు పక్కన పెట్టి పరీక్ష ఒకటి పెట్టుకున్నాం. నుంచి తీసి గా తగిలించి చూడు. అతికితే ఫర్, అతకకపోతే సిన్స్.

'మూడు రోజులుగా' అతికింది, ఫర్. '2014గా' అతకలేదు, సిన్స్. 'పొద్దున పదిగా' అతకలేదు, సిన్స్. 'అడ్మిట్ అయినప్పటిగా' వింటేనే నవ్వొచ్చింది, సిన్స్. అంకెలు ఉన్నా లేకున్నా తేడా లేదు. కోచింగ్ సెంటర్ అడ్డదారిని ఆమె మరిచిపోయింది దీనితోనే.

దీన్ని నేను నిజంగా మెచ్చుకున్న చోటు 'లాస్ట్ వీక్'. సిన్స్ లాస్ట్ వీక్ అనాలి, కానీ ఫర్ ద లాస్ట్ వీక్ అనాలి. మధ్యలో ఒక్క 'ద' వల్ల మాట మారిపోతుంది. ఇంగ్లిష్‌లో ఇది వివరించబోతే పాఠమంతా ఆర్టికల్స్ మీదికి పోతుంది. తెలుగులో 'పోయిన వారంగా' అనం, 'పోయిన వారం నుంచి' అంటాం. 'గత వారం రోజులుగా' అంటాం. తేడా ఆమె చెవిలో ముందే ఉంది. 'సిన్స్ లాస్ట్ త్రీ డేస్' అనే మన ఊరి వాడుక కూడా దీంతోనే దారికొచ్చింది.

అయితే ఇది సగమే. ఆక్సిజన్ వాక్యం దీనితో బాగుపడదు. అక్కడ ఫర్ ముందే సరిగ్గా ఉంది కదా.

ఈ మూడు వాక్యాలు కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాను: 'రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.' 'రెండు రోజులుగా ఆక్సిజన్ మీద ఉన్నాడు.' 'మొన్నటి నుంచి ఆక్సిజన్ మీద ఉన్నాడు.' ఎవరికి ఆక్సిజన్ తీసేశారు? మొదటివాడికని వెంటనే చెప్పారు. మూడింట్లోనూ క్రియ ఒకటే, ఉన్నాడు. తీసేశారా, ఇంకా ఉందా అన్నది తెలుగులో కాలం చెప్పే మాటే చెప్పేస్తోంది. గా ఉన్నా నుంచి ఉన్నా ఇంకా నడుస్తున్నట్టు, రెండూ లేకపోతే అయిపోయినట్టు. ఇంగ్లిష్‌లో ఆ బరువు క్రియ మీద పడుతుంది. వాజ్ ఆన్ ఆక్సిజన్ ఫర్ టూ డేస్ అంటే తీసేశారు. హాజ్ బీన్ ఆన్ ఆక్సిజన్ ఫర్ టూ డేస్ అంటే ఇంకా ఉంది. రెంటిలోనూ అదే ఫర్.

కాబట్టి నుంచికి ఇంగ్లిష్ మాట వెతకడం దండగ. నుంచి వినగానే చూడాల్సింది క్రియ వైపు: హాజ్ బీన్, హ్యావ్ బీన్. సిన్సా, ఫరా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ వరుసే మాకు కలిసొచ్చింది. ఎందుకంటే ఇంగ్లిష్ వాక్యంలో క్రియ ముందొస్తుంది, కాలం చివరికి పోతుంది. 'హి హాజ్ బీన్ ఆన్ ఆక్సిజన్...' అనేటప్పటికి మొదటి నిర్ణయం అయిపోతుంది. గా అతుకుతుందా అని చూసుకోవడానికి ఆ కాస్త సమయం చాలు. కాలాన్ని వాక్యం మొదట్లో పెట్టవద్దని నేను గట్టిగా చెప్పింది అందుకే. అది స్టైల్ కోసం కాదు, ఊపిరి తీసుకోవడానికి.

కొన్నాళ్లు ఇంగ్లిష్ రాయనివ్వలేదు. కేస్ నోట్స్ ఇచ్చి, ఒక్కో ముక్కనూ ముందు తెలుగులో చెప్పమన్నాను. నోట్స్‌లో దగ్గు పక్కన 3/7 అని ఉంటుంది. బ్రిటన్ డాక్టర్ల పొట్టిరాతలో అంటే మూడు రోజులు. 2/52 అంటే రెండు వారాలు, 3/12 అంటే మూడు నెలలు. (ఏడు వారంలో రోజులకి, 52 సంవత్సరంలో వారాలకి, 12 నెలలకి. ఒకసారి చెప్తే ఎవరూ మరిచిపోరు.) ఆ 3/7 చూసి 'మూడు రోజులుగా దగ్గు' అనాలా, 'మూడు రోజులు దగ్గింది' అనాలా? నోట్స్ మిగతా భాగం చదివితేనే తెలుస్తుంది. తెలుగులో చెప్పమనేసరికి ఆమె ఆగి నోట్స్ వెతికేవారు. ఇంగ్లిష్‌లో అయితే ఆగకుండా ఏదో ఒకటి రాసేసేవారు. మాతృభాషలో అబద్ధం చెప్పడం కష్టం, అంతే.

హ్యావ్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. 'మూడు రోజులుగా జ్వరం' అంటే 'హి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్'. హాజ్ పక్కనే హాడ్ చూసి ఆమె నమ్మలేదు. "రెండూ ఎలా వస్తాయి మేడమ్, ప్రింటింగ్ మిస్టేకా?" అన్నారు. జ్వరం, నొప్పి, షుగర్ లాంటివి మనం చేసే పనులు కావు, ఉండేవి. వాటికి హ్యావింగ్ తగిలించకూడదని చెప్పి, పది పన్నెండు జబ్బుల పేర్లతో హాజ్ హాడ్ పైకి చదివించాను. చెవికి అలవాటు కావలసిన విషయం అది. వివరణతో లొంగదు.

సిన్స్‌కి 'కాబట్టి' అనే అర్థం కూడా ఉంది. 'సిన్స్ హి లివ్స్ అలోన్' అంటే ఒంటరిగా ఉంటాడు కాబట్టి అని. ఓఈటీ అయ్యేదాకా ఆ వాడుక వద్దన్నాను, బికాజ్ రాయమన్నాను. ఒక మాట ఒక పనికే అలవాటు పడాలి ముందు. అందం తర్వాత.

గా లొంగని చోట్లు

ఏ పరీక్షకైనా హద్దులుంటాయి. ఆమెకు అవి ముందే చెప్పాను. తర్వాత తనంతట తాను కనిపెడితే పద్ధతి మీదే నమ్మకం పోతుందని నా భయం.

'రేపటి నుంచి మాత్ర మార్చాలి.' గా అతకదు, అలాగని సిన్స్ రాదు. ఇంకా మొదలే కాలేదు కాబట్టి ఫ్రమ్. 'పొద్దున 8 నుంచి సాయంత్రం 6 వరకు' అన్నా ఫ్రమ్మే, అటు చివర కూడా చెప్తున్నాం కాబట్టి. సిన్స్ రావాలంటే ఎప్పుడో మొదలై, మాట్లాడుతున్న ఘడియ దాకా వచ్చి ఉండాలి. 'ఎప్పటినుంచో ఉంది' అన్నదానికి గా అతకదు, కానీ అర్థం చాలా కాలంగా అని. ముందు అలా మార్చుకుని ఫర్ ఎ లాంగ్ టైమ్ అనాలి. 'ఆపరేషన్ అయి ఐదేళ్లయింది' అన్నదాంట్లో నుంచీ లేదు, గా లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం సిన్స్ వస్తుంది: 'ఇట్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ హిజ్ సర్జరీ.' ఇలాంటివి రెండు మూడు ఉంటే విడిగా బట్టీ పట్టడమే మేలు.

కొంచెం గట్టిది ఇంకొకటి. 'అడ్మిట్ అయ్యేనాటికి రెండు వారాలుగా దగ్గు ఉంది. ఇప్పుడు తగ్గింది.' గా ఉంది, కానీ ఇప్పుడు లేదు. హాజ్ బదులు హాడ్ రావాలి: 'హి హాడ్ హాడ్ ఎ కాఫ్ ఫర్ టూ వీక్స్ బిఫోర్ అడ్మిషన్.' హాడ్ పక్కన ఇంకో హాడ్! దీని మీద ఎక్కువ సమయం పెట్టలేదు. ఉత్తరంలో ఇలాంటిది అరుదుగా వస్తుంది, వచ్చినా వాక్యాన్ని విడగొట్టి రాయొచ్చు. 'టూ వీక్ హిస్టరీ ఆఫ్ కాఫ్' అని రాసే ఆసుపత్రి వాడుక కూడా ఉంది. అదే నేర్పాను.

ఫలితం

రాతలో మార్పు త్వరగా కనిపించింది, మాటలో నెమ్మదిగా. ఉత్తరాల్లో సిన్స్, ఫర్ దాదాపు కుదురుకున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, ఏ లక్షణం ఇంకా ఉంది, ఏది పోయింది అన్నది చదివేవాళ్లకి తెలిసేలా రాయగలిగారు. మాట్లాడేటప్పుడు తొందరలో 'సిన్స్ టూ డేస్' దొర్లడం పూర్తిగా పోలేదు. కాకపోతే దొర్లగానే ఆమే సర్దుకునేవారు: 'సారీ, ఫర్ టూ డేస్'. నిజమైన వార్డులో అలా సర్దుకోవడం గౌరవమే తెస్తుంది.

తర్వాతి పరీక్షలో రాత, మాట రెండింట్లోనూ కావలసిన స్కోరు వచ్చింది. ఈ రెండు మాటల వల్లే వచ్చిందని నేననను. ఉత్తరానికి మార్కులు వేసేటప్పుడు భాష ఒక అంశం మాత్రమే. ఉద్దేశం మొదట్లోనే చెప్పారా, అవసరమైన విషయమే తీసుకున్నారా, క్లుప్తంగా ఉందా అనేవి కూడా చూస్తారు. నా అంచనా ఏమిటంటే, నోట్స్‌ని ముందు తెలుగులో చెప్పుకునే అలవాటు వల్ల ఏది రాయాలి, ఏది వదలాలి అన్నది కూడా ఆమెకు తేటపడింది.

మిగతావాళ్లతో

ఇప్పుడు సిన్స్, ఫర్ ఇబ్బందితో వచ్చినవాళ్లకి ముందు ఖాళీల కాగితం ఇస్తాను. అందులోనే తప్పులు వస్తే రూలు చెప్తాను. అందులో అన్నీ రైటు వచ్చి మాటలో తప్పితే, రూలు జోలికి పోకుండా నేరుగా ఆక్సిజన్ వాక్యాలు మూడూ ముందు పెడతాను. ఆ తర్వాతే గా.

గా అందరికీ ఒకేలా పనిచేయలేదు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కొందరు ఇంట్లో 'మూడు దినాల సంది', 'పొద్దటి సంది' అంటారు. రెంటికీ సందియే. గా వాళ్లకి పేపర్లో, టీవీలో విన్న మాట. అతుకుతుందా లేదా అని అడిగితే చెవి వెంటనే చెప్పదు, ఆలోచిస్తారు. ఆలోచించాల్సి వస్తే ఆ పరీక్ష మాటకి అందదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకీ అంతే. 'తీన్ దిన్ సే' అన్నా 'సోమ్వార్ సే' అన్నా ఒకటే సే. వీళ్లకి గా బదులు ప్రశ్న ఇస్తున్నాను: నువ్వు చెప్పబోయేది 'ఎన్ని దినాలు?' అన్నదానికి జవాబా, 'ఎప్పుడు మొదలైంది?' అన్నదానికా? మొదటిదైతే ఫర్, రెండోదైతే సిన్స్. ఈ ప్రశ్న గా పనిచేసినంత చురుగ్గా పనిచేయదు, ఇంకా మెరుగుపరచాలి. క్రియ ముందు, కాలం తర్వాత అన్న వరుస మాత్రం వాళ్లకీ యథాతథంగా పనికొస్తోంది.